దీపం పెట్టేవేళ ‘డిస్’ మాటలు

“డిజీజ్” అని ఆ అమ్మాయి గట్టిగా పలకగానే లోపలి గదిలో స్టీలు గ్లాసు నేలకు తగిలిన చప్పుడైంది. విసిరికొట్టింది కాదు, కోపంగా పెట్టింది. వెనకే గొంతు వచ్చింది.

“దీపం పెట్టేయాళ గవేం మాటలే బిడ్డా? రోగాలు, రొష్టులు! పైన దేవతలు తిరుగుతుంటరు. తథాస్తు అన్నరంటే ఏం చేస్తవ్?”

“చదువుకుంటున్న నాయినా. పరీక్ష ఉన్నది గదా.”

“మంచి మాటలు చదువు. ఇంగ్లీషుల మంచి మాటలు లేవా?”

లాలాగూడలో నేనుండే ఇంటి కింది వాటా వాళ్లది. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి, యూనియన్ సమ్మెల్లో ముందు నిలబడి, రిటైరయ్యారు. భార్య పోయి రెండేళ్లయింది. కూతురికి ముప్పై దాటాయి. ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పొద్దుటి షిఫ్టు చేస్తుంది. ఆ కౌంటర్ దగ్గర కుర్చీ ఉండదు. కూర్చుంటే కొనేవాళ్లకు మర్యాదగా ఉండదట. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీల గుర్తులు చర్మంలో దిగిపోయి ఉంటాయి. వరండాలో బకెట్ బోర్లించి, దాని మీద కాళ్లు పెట్టుకుని నా దగ్గర ఇంగ్లీషు చదివేది.

ఒక ఆస్పత్రిలో ఫోన్ మీద చేసే ఉద్యోగానికి ఆమె దరఖాస్తు చేసింది. ఇంటికి వెళ్లిపోయిన రోగుల తాలూకు వాళ్లకు ఫోన్ చేసి, డాక్టర్లు ఇంగ్లీషులో రాసిన కాగితంలో ఏముందో తెలుగులో చెప్పాలి. పరీక్ష కూడా ఫోన్‌లోనే. వాళ్లు ఒక పేజీ పంపిస్తారు. దాన్ని పైకి చదవాలి. తర్వాత, అవతల ఉన్నది రోగి తాలూకు మనిషే అనుకుని అర్థం చెప్పాలి. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది దాకా పిలవరు. ఎందుకమ్మా ఆ ఉద్యోగమే అని అడిగితే ఆమె పెద్ద కారణాలేమీ చెప్పలేదు. “కూర్చోవచ్చు సార్” అంది.

నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పి బయటపడ్డవాణ్ణి. ఆస్పత్రి కాగితాల నమూనాలు కొన్ని సంపాదించి చూస్తే, ఆమె తడబడుతున్న మాటల్లో చాలావాటికి ముందు ‘డిస్’ ఉంది. అందుకని వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ‘డిస్’ అనేది సొంతంగా నిలబడలేని చిన్న ముక్క. మంచి మాట ముందు చేరి దాన్ని తలకిందులు చేస్తుంది. ‘ఈజ్’ అంటే హాయి. ముందు ‘డిస్’ చేరితే హాయి లేకపోవడం, అంటే జబ్బు. ‘ఎబిలిటీ’ అంటే శక్తి, ‘డిసెబిలిటీ’ అంటే ఆ శక్తి పోవడం. ‘ఆర్డర్’ వరస, ‘డిసార్డర్’ వరస తప్పడం.

అర్థం తేలికే. పలకడం దగ్గరే చిక్కు. రాసేది ఒకే రకంగా రాస్తారు గాని, ‘డిసెబిలిటీ’లో స వినిపిస్తుంది, ‘డిజీజ్’లో జ వినిపిస్తుంది. ‘డిస్‌కంఫర్ట్’లో స, ‘డిజాస్టర్’లో జ. ఎందుకని అడిగింది. నాకు తోచింది చెప్పాను. రెండు ముక్కలూ ఇంకా విడివిడిగా కనిపించేచోట స నిలుస్తుంది. అతుకు కనిపించనంతగా కలిసిపోయినచోట అది జ అవుతుంది. ఇది గట్టి సూత్రం కాదనీ, తప్పే మాటలు ఉన్నాయనీ కూడా చెప్పాను. సగం నిజమైన సూత్రాన్ని పూర్తి నిజమని పిల్లలకు నేర్పడం నాకు ఇష్టం ఉండదు. మతాలు పుట్టేది అలాగే.

ఆ జ మన జాబిల్లిలోని జ కాదు. నాలుక అంగిటికి తగలకుండా, తుమ్మెద రొద చేసినట్టు రావాలి. కోస్తా నుంచి వచ్చిన మా కుటుంబంలో పెద్దవాళ్లకు అది జన్మలో పట్టుబడలేదు. ఈ ఊరివాళ్లకు ఉర్దూ పుణ్యమా అని పుట్టుకతోనే వస్తుంది. “మీ నాయన జిందాబాద్ అంటారే, ఆ జ” అన్నాను.

లోపలి నుంచి, పిలవకుండానే, యూనియన్ గొంతు మోగింది. “జిందాబాద్!”

“అదే అమ్మా. డి-జీజ్.”

“జీజ్” అని ఆయన కూడా అనబోయి, అర్థం గుర్తొచ్చి నాలుక కరుచుకున్నట్టున్నారు. టీవీలో భజనల చానల్ పెట్టి గొంతు పెంచారు.

అలా మొదలైంది పోరు. రోజూ ఆమె పాఠం తెరవడం, ఆయన టీవీ తెరవడం. పోనీ పైన మా గదిలో చదువుకుందామంటే ఆయన ఒప్పుకోలేదు. “తిరిగేటోళ్లు పైన తిరుగుతుంటరు సారూ. పైకి పోతే ఇంకా జెర దగ్గరైతది” అన్నారు. చీకటి పడ్డాక చదివితే ఆయనకు అభ్యంతరం లేదు. అప్పుడు ఆ అమ్మాయి నిద్రకు తూగుతుంది. తెల్లవారకముందే లేవాలి మరి. పైగా ఆస్పత్రివాళ్లు పరీక్షకు ఇచ్చిన వేళ కూడా సరిగ్గా సందెవేళే. నా సంగతి దాచను. లేని దేవతల రాకపోకలను బట్టి పాఠం వేళ మార్చడం నాకు ఓటమిలా అనిపించింది. మా తండ్రిది సంస్కరణ సభల్లో వాదించే నోరు. మా ఇంట్లో అన్నం దగ్గర కూడా పక్షం, ప్రతిపక్షం ఉండేవి.

‘డిజాస్టర్’ చెప్పిన రోజు నేను కొంచెం రెచ్చిపోయాను. ఆ మాటలో ‘ఆస్టర్’ అంటే నక్షత్రం. నక్షత్రం బాగుండకపోవడమే పాతకాలం వాళ్ల లెక్కలో డిజాస్టర్. “చూశావా, వాళ్లూ ఒకప్పుడు మనలాగే కొంపలు కూలితే చుక్కల్ని తిట్టారు. తర్వాత చుక్కల్ని దుర్బీను పెట్టి చూశారు. నమ్మకం పోయింది, మాట మిగిలింది” అన్నాను.

టీవీ గొంతు తగ్గింది. ఆయన గుమ్మంలోకి వచ్చారు. “అంటే ఇంగ్లీషోళ్లకు సుత గ్రహచారం ఉన్నట్టే గదా సారూ?”

“ఉన్నట్టు కాదు, ఉందనుకున్నట్టు.”

“మరి పేరు ఇంకా ఎందుకు తీసేయలే? ఎక్కడనో డౌటు ఉన్నది వాళ్లకు.”

కూతురు నవ్వు ఆపుకోలేక కాగితాల్లో మొహం దాచుకుంది. నేనేదో జవాబు చెప్పేలోపు ఆయన గెలిచినవాడిలా లోపలికి వెళ్లి టీవీ మళ్లీ పెంచారు.

ఆ రాత్రి భోజనం దగ్గర మన భాష గురించి ఆలోచించాను. బియ్యం అయిపోతే మనం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. పాము కరిస్తే పురుగు ముట్టిందంటాం. గుమ్మం దాటేవాడు వెళ్తానంటే ఊరుకోం, వెళ్లొస్తానని అనిపిస్తాం. ఇంగ్లీషు మంచి మాట ముందు ఒక ముక్క తగిలించి చెడును బయటపెడుతుంది. తెలుగు చెడును తీసుకెళ్లి మంచి మాట చాటున దాస్తుంది. ఈ దాచుడు పిరికితనమని నేను ఎన్నో వ్యాసాల్లో రాశాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. కాని మా తండ్రి నేర్పిన వాదనలో ఒక నియమం ఉంది. ఎదుటివాడి పక్షాన్ని ముందు వాడికంటే బాగా చెప్పగలగాలి, ఆ తర్వాతే ఖండించాలి. కింది వాటా ఆయన పక్షాన్ని నేను చెప్పబోతే ఒక్క వాక్యం కూడా సాగలేదు. సమ్మెల్లో లాఠీల ముందు నిలబడ్డ మనిషి, గాలిలో తిరిగే దేవతలకు ఎందుకు భయపడతాడు? నాకు తెలియదు. తెలియనిదాన్ని ఖండించకూడదు.

మర్నాడు సాయంత్రం పాఠం తెరవకుండా ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఆ మాటే అడిగాను. ఆయన టీవీ కట్టేశారు. చాలాసేపు మోకాళ్లు రాసుకున్నారు.

“ఈమె తల్లి దవాఖానల ఉన్నప్పుడు రోజూ పొద్దుగూకంగ డాక్టర్‌ను ఒక్కటే అడుగుతుంటి. డిశ్చార్జి ఎప్పుడు అని. చూద్దాం అంటుండె. ఒకనాడు బయట చాయ తాగుతున్న. మా బామ్మర్ది ఫోన్ చేసిండు, ఎట్లున్నదే అని. గిదే యాళ. ఇగ ఇంటికి రాదేమోరా అన్న.” ఆయన ఆగారు. “తెల్లారి పోయింది సారూ. గా మాట నేను అనకుంటే...”

వంటగది గుమ్మంలో ఆ అమ్మాయి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. ఈ సంగతి తనకూ కొత్తేనని ఆమె మొహం చెబుతోంది. “నాకెప్పుడూ చెప్పలేదేంది నాయినా?” అంది.

“ఏమని చెప్పాలె బిడ్డా? నా నాలుకే కొట్టింది మీ అమ్మను అని చెప్పాల్నా?”

నేను వాదించడానికే వచ్చాను. వాదించాను కూడా. కాని ఈసారి గెలవడానికి కాదు. ఒక నిర్దోషి తనకు తనే శిక్ష వేసుకుని రెండేళ్లుగా అనుభవిస్తున్నాడు. అతనికి విడుదల కావాలి. దానికి నాకు తెలిసిన దారి తర్కం ఒక్కటే.

“అన్నా, వర్క్‌షాపు గేటు దగ్గర నినాదాలు ఏ వేళకు ఇచ్చేవాళ్లు?”

“డ్యూటీ దిగినంక. చీకటి పడేదాక.”

“అంటే సందెవేళే. ఆఫీసర్లను ముర్దాబాద్ అనేవాళ్లా?”

“అనకుంట ఎట్లుంటం? గొంతు పోయేదాక అన్నం.”

“అంటే ఆఫీసరు చావాలనే కదా అర్థం?”

ఆయన అనుమానంగా చూశారు. “మాటవరసకు...”

“దేవతలకు మాటవరస ఏం తెలుస్తుంది? అన్నది అన్నట్టు తథాస్తు అనేవాళ్లు కదా వాళ్లు. ఎంతమంది పోయారు?”

ఆయన నిజంగానే గుర్తుచేసుకోవడం మొదలుపెట్టారు. “ఎవ్వడు పోలే. ఒకాయనకు ప్రమోషన్ సుత వచ్చె. ఇంకొకాయన మొన్న బొల్లారంల కనపడ్డడు, మనుమరాలిని తోల్కపోతున్నడు. మంచిగ ఎర్రగ ఉన్నడు.”

గుమ్మంలో నవ్వు వినిపించింది. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉంది.

“అంతమంది కలిసి, కోరుకుని, గొంతులు చించుకుని ముర్దాబాద్ అంటే ఒక్క ఆఫీసరుకు జలుబు కూడా చేయలేదు. మీరొక్కరు, చాయ్ గ్లాసు పట్టుకుని, భయంతో అన్న ఒక్క మాట ఆవిడ ప్రాణం తీసిందా? మీరది కోరుకోలేదన్నా. అలా జరగొద్దని భయపడ్డారు. ఆవిడను తీసుకుపోయింది జబ్బు. జబ్బుకు మన మాటలు వినపడవు.”

లైన్ మీద ఏదో గూడ్సు బండి పోతున్న చప్పుడు వచ్చి, దూరమైపోయింది. అప్పుడు ఆయన మెల్లగా అన్నారు. “గా దేవతలకు ఉర్దూ రాదేమో సారూ.”

“రాకపోతే మరి ఇంగ్లీషు ఎలా వస్తుంది?”

ఆయన కనుబొమలు పైకి లేచాయి. “గదీ నిజమే.” కూతురి వైపు తిరిగారు. “చదువుకో బిడ్డా. ఇంగ్లీషుల అయితే ఏం కాదు.”

నా నోరు అప్పటికే తెరుచుకుంది. తప్పు కారణంతో వచ్చిన ఒప్పును ఒప్పుకోకూడదని పెరిగినవాణ్ణి. గుమ్మంలోంచి ఆ అమ్మాయి నా వైపు చూసి రెండు చేతులూ జోడించింది, గరిటెతో సహా. నోరు మూసుకున్నాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ దేవతలకు కొరవడింది ఇంగ్లీషు కాదు, ఉనికి.

ఆ తర్వాత టీవీ మోగలేదు. మాటలు సాఫీగా సాగాయి. ‘డిజాల్వ్’, ‘డిస్‌లొకేట్’, ‘డిస్‌చార్జ్’. ఈ చివరిది మన ఊళ్లో అందరికీ వచ్చు, డిశ్చార్జి అంటాం. ‘డిస్’ మాటల్లో జనం చేతులెత్తి మొక్కేది ఇదొక్కటే, ఇంటికి పంపించే మాట కదా. ‘చార్జ్’ అంటే మీద వేసిన భారం, దాన్ని దించడం డిస్‌చార్జ్ అని చెప్పాను. ఆయన మంచం మీద నుంచి వింటూ తలాడించారు.

అసలు కష్టం అక్కడ లేదని పరీక్షకు కొద్ది రోజుల ముందు తెలిసింది. రోగి తాలూకు మనిషికి చెప్పినట్టు తెలుగులో చెప్పడం సాధన చేయించాలనుకున్నాను. ఆయన్నే ఆ మనిషిగా ఉండమన్నాను. పక్షవాతం వచ్చిన ముసలాయన గురించి నేనే ఒక పేజీ కల్పించాను. ఆయన మంచం మీద ఫోన్ చెవికి పెట్టుకుని కూర్చున్నారు. అమ్మాయి వరండాలోంచి ఫోన్ చేసింది.

“హలో, ఎవలు? గ్యాస్ బండ మీరేనా? బుక్ చేసి ఎన్ని రోజులాయె?”

“నాయినా, ఆట కాదు.”

“సరే సరే. చెప్పుండ్రి మేడం.”

ఇంగ్లీషు చక్కగా చదివింది. డిసెబిలిటీలో స, డిజీజ్‌లో జ, దేని చోట అది. తర్వాత తెలుగులో మొదలుపెట్టింది. “ఏం లేదండీ, జెర వీక్‌నెస్ ఉంటది. మంచిగైతది. దేవుడున్నడు గదా.”

నేను ఆపాను. కాగితంలో అలా లేదు. ఆ మనిషి మళ్లీ నడవకపోవచ్చని ఉంది. ఆమెకు అది తెలుసు. “తెలుసు సార్. నోట్లకు వస్తలేదు” అంది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడికొచ్చేసరికి “మెల్లమెల్లగ...” అని జారిపోయింది. ఇంగ్లీషులో స్పష్టంగా పలికిన మాట తెలుగులోకి రాగానే మెత్తబడి, అర్థం లేకుండా పోతోంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. చెడ్డ మాట నోటితో అనకూడదని ఆమెకు నేర్పింది ఒక్క తండ్రే కాదు, ఊరంతా, భాషంతా. దీనికి నా దగ్గర సూత్రం లేదు. ఇలా చెబితే పరీక్ష పోతుందని ముగ్గురికీ తెలుసు.

ఆయన ఫోన్ చెవి నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఫోన్ అక్కర్లేకుండానే గట్టిగా అడిగారు.

“నడుస్తడా, నడువడా? సాఫ్ చెప్పు.”

“నాయినా...”

“నాయిన కాదు. నేను ఆయన కొడుకును. నడుస్తడా?”

ఆమె కాళ్లు బకెట్ మీద నుంచి దించింది. “నడవకపోవచ్చు.”

“మరి నన్నేం చేయమంటవ్?”

“పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలె. వీపుకు పుండ్లు పడకుంట అటూ ఇటూ తిప్పుతుండాలె. మింగేటప్పుడు పొలమారుతుందేమో చూసుకోవాలె. ఆయనకు మాట రాకపోయినా వినపడతది, మాట్లాడుతుండండి.”

“గదీ!” అన్నారు ఆయన. గొంతు మారింది. “గిట్ల చెప్పాలె. మీ అమ్మప్పుడు నాకు ఎవ్వరు గిట్ల చెప్పలే. చూద్దాం, చూద్దాం అన్నరు. సాఫ్ చెప్తే నేను బయట చాయ తాక్కుంట నిలబడుదునా? లోపల కూసుందును. ఆమె చెయ్యి పట్టుకొని కూసుందును.”

వరండాలో వెలుతురు పూర్తిగా తగ్గిపోయింది. దీపం పెట్టే సంగతి ఆయనకే గుర్తు లేదు. ఆమె వచ్చి మంచం మీద పక్కన కూర్చుంది. నేను పైకి వెళ్లిపోయాను. అక్కడ ఉండాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

పరీక్ష రోజు ఆమె లోపలి గదిలో తలుపు వేసుకుంది. ఇంట్లో ఫ్యాను కూడా కట్టేశారు, చప్పుడు పోకూడదని. సరిగ్గా ఫోన్ మోగే వేళకు ఉల్లిగడ్డల ఆటో వీధిలోకి వచ్చింది, మైకులో అరుచుకుంటూ. ఆయన చొక్కా కూడా వేసుకోకుండా గేటు దగ్గరికి పరుగెత్తారు.

“జెర ఆపు భై. లోపల బిడ్డ పరీక్ష ఇస్తున్నది.”

“ఇంట్ల పరీక్ష ఏంది కాకా?”

“గిప్పుడు అన్నీ ఫోన్లనే. నీ ఉల్లిగడ్డ ఎటూ పోదు గాని, ఆపు.”

ఆటోవాడు నవ్వి మైకు కట్టేశాడు. మేం ముగ్గురం గేటు దగ్గరే నిలబడ్డాం. కిటికీలోంచి గొంతు వస్తోంది. డిజీజ్. డిసార్డర్. డిస్‌చార్జ్. ఒకచోట తడబడింది, తిరిగి సరిగ్గా అంది. అప్పుడు తెలుగు మొదలైంది.

“అమ్మా, దాచకుండ చెప్తున్న. ఆయనకు ఎడమ కన్ను చూపు మళ్లీ రాకపోవచ్చు. రెండో కన్ను కాపాడుకోవచ్చు, దానికి మీరు చేయాల్సింది చెప్తా, రాసుకుంటరా?”

ఆయన కళ్లు మూసుకుని విన్నారు. “సాఫ్ చెప్పింది” అన్నారు, నాతో కాదు, ఆటోవాడితో.

ఉద్యోగం వచ్చింది. ఇచ్చింది సాయంత్రం షిఫ్టు. అంటే ఆ దేవతలు తిరిగే వేళంతా ఆమె నోట ఆ మాటలే. ఇది ఆయనకు గుర్తు చేయాలని నాకు దురద పుట్టింది. నాకంటే ముందు ఆయనే అన్నారు. “మా బిడ్డ మాటలన్నిటికి తథాస్తు అనుకుంట తిరిగితే వాళ్లకు ఓవర్‌టైం ఇయ్యాల్సి వస్తది సారూ.”

ఇప్పుడు సందెవేళ దీపం ఆయనే పెడుతున్నారు. నేను కింద వరండాలో కూర్చుని పేపర్ చదువుతుంటాను. నిన్న గాలికి దీపం పోయింది. “ఆరిపోయింది అన్నా” అన్నాను. “కొండెక్కింది” అన్నారాయన. “ఆరిపోయింది.” “కొండెక్కింది.” ఈ ఒక్క మాట దగ్గర మా ఇద్దరికీ ఇంకా రాజీ కుదరలేదు. ఆయన అగ్గిపెట్టె వెతుకుతుండగా ఫోన్ మోగింది. ఆమెకు టీ విరామం.

ఆయన జబ్బుల గురించి అడగలేదు. తిన్నావా అని కూడా అడగలేదు. రోజూ అడిగే మాటే అడిగారు.

“కూసున్నవా బిడ్డా?”

“కూసున్న నాయినా.”